సుఖమునకు కొలత యేది? : మత్తిగిరి సీమనుండి ఒక పరిశీలన

'సంతోషమే సగము బలము' అని తెలుగువారి సామెత. ఈ చిన్న మాటలో ఒక కొలత యిమిడియున్నది. బలమును రెండు పాళ్లుగా విభజించి, ఒక పాలు తిండికిని కండకును విడిచి, రెండవ పాలు సంతోషమునకు పంచియిచ్చిన లెక్క అది. కనుక సంతోషమును కొలువవలెనను కోరిక ఆధునికులకు మాత్రమే కలిగినది కాదు. అయితే సామెతలోని సగము తూనికలో తేలిన సగము కాదు. పలు తరములవారు బ్రతికి చూచి వేసికొన్న అంచనా. నేటి కొలతలు అట్టివి కావు. 2012వ సంవత్సరము మొదలుకొని వెలువడుచున్న ప్రపంచ సంతోష నివేదిక దేశములను వరుసగా నిలిపి అంకెలు వేయుచున్నది. 2018 మొదలు 2025 వరకు ప్రతి నివేదికలోను ఫిన్లండు ప్రథమస్థానమున నిలిచినది. భారతదేశమునకు 2024లో 126వ స్థానమును, 2025లో 118వ స్థానమును లభించినవి. ఈ అంకెలు వెలువడిన దినమున పత్రికలు విచారమునో పరిహాసమునో వెలిబుచ్చును. మరునాటికి ఆ ప్రస్తావన యుండదు. ఆ అంకె దేనిని కొలిచినది, ఎవరిని అడుగగా వచ్చినది, ఏ మాటతో అడుగగా వచ్చినది అను ప్రశ్నలు మాత్రము విచారణకు రాకుండ మిగిలిపోవుచున్నవి. ఒక సీమ చరిత్రను ఎదుట నుంచుకొని ఆ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

మత్తిగిరి హోసూరునకు ఆనుకొనియున్న యూరు. 2011లో అది హోసూరు పురపాలక సంఘమున విలీనమైనది. 2019లో ఆ సంఘము నగరపాలక సంస్థగా మారినది. 19వ శతాబ్దమున ఆంగ్లేయ సైన్యమునకు గుఱ్ఱములను పెంచుటకై ఏర్పడి, పిమ్మట పశువుల పెంపకమునకు మారిన విశాలమైన ప్రభుత్వ క్షేత్రము ఈ యూరికి పేరు తెచ్చినది. హోసూరు, డెంకణికోట, శూలగిరి, వేపనపల్లి ప్రాంతములందు తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో వినబడును. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినపుడు ఈ సీమ మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. సేలము జిల్లానుండి 1965లో ధర్మపురి జిల్లాకును, అందుండి 2004లో కృష్ణగిరి జిల్లాకును చేరినది. ఈ సీమ ప్రజల మేలు ఇప్పటికి మూడు పర్యాయములు మూడు కొలబద్దలతో కొలువబడినది: మొదట భూమిశిస్తుతో, పిమ్మట మద్యనిషేధముతో, ఆపైన కర్మాగారపు జీతముతో. ఈ మూడింటిలో ప్రతిదియు కొంత నిజమును చెప్పినది. ప్రతిదియు ఒక ముఖ్యమైన విషయమును విడిచినది.

ముందుగా ప్రపంచ నివేదికలోని కొలబద్దను పరీక్షింపవలెను. దానికి మూలము అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు హాడ్లీ కాంట్రిల్ రూపొందించిన నిచ్చెన ప్రశ్న. ఆయన 1965లో ప్రకటించిన గ్రంథమునకై భారతదేశముతో సహా పలు దేశములలో ప్రజలను ప్రశ్నింపజేసెను. అడుగున సున్న, పైన పది అంకె గల నిచ్చెన నొకదానిని ఊహించుకొమ్మని అడుగుదురు. తనకు సాధ్యమగు మిక్కిలి మేలైన జీవితము పైమెట్టు. మిక్కిలి హీనమైన జీవితము అడుగుమెట్టు. ఇప్పుడు తాను ఏ మెట్టున నున్నది చెప్పవలెను. గాలప్ సంస్థ చాలా దేశములలో ఏటేట ఇంచుమించు వేయిమందిని ఇట్లడుగును. మూడేండ్ల సగటునుబట్టి వరుస నిర్ణయింపబడును. తలసరి ఆదాయము, ఆపదలో ఆదుకొనువారుండుట, ఆరోగ్యముతో జీవించు కాలము, స్వేచ్ఛ, దాతృత్వము, అవినీతిపై ప్రజాభిప్రాయము అను ఆరింటిని కూడి ఈ వరుస కట్టుదురని పలువురు తలతురు. అది సరికాదు. ఆ యారును దేశముల మధ్యనున్న తేడాలను వివరించుటకు వాడుకొను ఆధారములు మాత్రమే. వరుసకు ఆధారము నిచ్చెన ప్రశ్న యొక్కటియే.

ఈ పద్ధతికి ఒక గొప్ప సుగుణము కలదు. ఒకని జీవితము బాగున్నదా లేదా యని చెప్పు అధికారమును అది ఉద్యోగికిగాని పండితునికిగాని యీయక, బ్రతుకుచున్నవానికే యిచ్చుచున్నది. అయినను రెండు లోపములు కనబడుచున్నవి. మొదటిది, సంతోష నివేదిక యని పేరు పెట్టుకొన్న గ్రంథమునకు మూలమైన ప్రశ్నలో సంతోషమను మాటయే లేదు. అది జీవితముపై ఒకడు చెప్పు తీర్పును కొలుచును గాని అతని మనఃస్థితిని కొలువదు. రెండవది, నిచ్చెన యనగానే తెలుగు ఇండ్లలో తలపునకు వచ్చునది వైకుంఠపాళి. ఆ పటములో నిచ్చెనలతోపాటు పాములు కూడ నుండును. ఎనిమిదవ వరుసకు ఎక్కినవాడు ఒక్క పందెముతో అడుగునకు జారవచ్చును. నివేదికలోని నిచ్చెన ప్రక్కన పాములు లేవు. ఏ మెట్టున నున్నావని అడుగుదురు గాని, అక్కడనుండి పడుదువను భయము నీకు కలదా యని ఆ ప్రశ్న అడుగదు. వానపై ఆధారపడి రాగి వేసిన రైతుకును, ఒప్పందముపై పనిచేయు కార్మికునకును మెట్టుకంటె పాము పెద్ద విషయము.

ఈ లోపమును భాష మఱింత స్పష్టము చేయును. తెలుగున సుఖము, సంతోషము, ఆనందము అను మూడు మాటలు సంస్కృతమునుండి వచ్చినవి. మూడును ఒకటి కావు. సుఖశబ్దము 'సు', 'ఖ' అను రెండింటి కూడికయని, బండిచక్రపు ఇరుసు తిరుగు రంధ్రము చక్కగా నుండుటయే దాని తొలి యర్థమని కొందరు పండితుల మతము. ఆ మతము ప్రకారము సుఖమనగా ఒరపిడి లేక సాగిపోవుట. దుఃఖమనగా ఇరుసు ఒరసికొనుట. సంతోషము తృప్తినుండి పుట్టినది. యోగశాస్త్రము దానిని నియమములలో నొకటిగా, అనగా అభ్యాసముచేత అలవరచుకొనదగిన గుణముగా పరిగణించినది. ఆనందము ఈ రెండింటికిని పైదిగా వేదాంతులు వాడిన మాట. ఇక నాల్గవది నెమ్మది. ఇది ద్రావిడభాషల సొత్తు. కన్నడమున నెమ్మది, తమిళమున నిమ్మది, తెలుగున నెమ్మది: మూడు భాషలు కలిసిన హోసూరు సంతలో ఎవరికిని అనువాదము అక్కఱలేని మాట యిది. తెలుగున దానికి తొందర లేకుండుట యను అర్థమును, రోగము తగ్గుముఖము పట్టుట యను అర్థమును కలవు. కన్నడ తమిళములందు మనశ్శాంతి, నిశ్చింత అను అర్థములు ప్రధానములు. అన్నిటను కలుపునది ఒక్కటే భావము: కీడు తొలగినది, మరల వచ్చునను భయము లేదు. వైకుంఠపాళిలో పాము లేని గడి అది.

అడుగువాడు ఈ నాలుగు మాటలలో దేనిని వాడునో దానినిబట్టి జవాబు మారును. సుఖముగా నున్నావా యన్నచో తిండి, ఇల్లు, ఒడలు జ్ఞప్తికి వచ్చును. సంతోషముగా నున్నావా యన్నచో నేటి ముచ్చట జ్ఞప్తికి వచ్చును. నెమ్మదిగా నున్నదా యన్నచో అప్పు, కూతురి పెండ్లి, ముసలితల్లి మందు జ్ఞప్తికి వచ్చును. ఈ సీమ పల్లెలలో ఎదురుపడినవారు 'బాగుండారా' యని యడుగుదురు. ఆ ప్రశ్నకు అంకె జవాబు కాదు. ఇంటిల్లిపాది సంగతి జవాబు.

అంకె వేయుటయే పొరపాటని దీనినిబట్టి అనుకొనరాదు. భారతీయ సంప్రదాయములోనే ఆనందమునకు అంకెలు వేసిన ప్రసిద్ధమైన ఘట్టము కలదు. తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి ముందుగా ఒక మానమును నిర్ణయించుచున్నది. యువకుడు, సాధువర్తనుడు, చదువుకొన్నవాడు, దృఢమైన శరీరము గలవాడు, సంపదతో నిండిన భూమి యంతయు తనదైనవాడు ఒకడున్నచో అతని యానందము ఒక మానుషానందము. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వుల యానందము. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. ఇట్లు పితరులు, దేవతలలో మూడు తెగలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి అని నూరేసి రెట్లు పెరుగుచు, పదవ మెట్టున బ్రహ్మానందము వచ్చును. లెక్క కట్టినచో ఒకటి ప్రక్కన ఇరువది సున్నలు. బృహదారణ్యకమున కూడ ఇట్టి గణనయే మెట్ల సంఖ్య మార్పుతో కనబడును.

ఈ గణనలో గమనింపదగినవి రెండు. ఉపనిషత్తు పేదరికమును పొగడలేదు. మొదటి మానము వయస్సు, ఆరోగ్యము, చదువు, సంపద కలిసిన స్థితి. కడుపు నిండనివాని తృప్తిని మానముగా గ్రహింపలేదు. రెండవది, మనుష్యగంధర్వుల మెట్టునుండి పైకి ప్రతి మెట్టుకడను ఒకే మాట తిరిగి వచ్చును: కోరికచే దెబ్బతినని విద్వాంసునకు కూడ ఆ యానందమే కలదని. అనగా మెట్లెక్కుట యొక మార్గము, కోరిక తగ్గుట మఱియొక మార్గము. నేటి నిచ్చెనలో మొదటి మార్గమునకే చోటున్నది. అయితే రెండవ మార్గము ఒకడు తనకై తాను ఎన్నుకొనునది. ప్రభుత్వము ప్రజలకు విధింపదగినది కాదు. పేదవాడు తన కోరికలను చంపుకొని చాలునన్నచో దానిని తృప్తిగా లెక్కించుట ఎంత అన్యాయమో ఆర్థికశాస్త్రజ్ఞుడు అమర్త్య సేన్ పలుమారులు వివరించియున్నాడు. దీర్ఘకాలము కష్టములో నున్నవారు ఆ కష్టమునకు అలవాటుపడి చిన్న మేలునకే సంతసింతురు. ఆ సంతసము అన్యాయమునకు సాక్ష్యము గాని న్యాయమునకు కాదు. ఉపనిషత్తు చదువును, ఆరోగ్యమును మానములోనే చేర్చుటచే ఈ దోషము దానికి అంటలేదు.

ఇక ఈ సీమలో జరిగిన కొలతలకు రావలెను. ఇంగ్లండున బెంథాము 1789లో ప్రకటించిన గ్రంథములో సుఖమును తూచుటకు ఏడు లక్షణములను చెప్పెను: తీవ్రత, వ్యవధి, నిశ్చయత, సామీప్యము, మఱియొక సుఖమునకు కారణమగుట, దుఃఖముతో కలియకుండుట, ఎందరికి చెందుననునది. మూడేండ్లకు, 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు ఈస్టిండియా కంపెనీ వశమైనది. కృష్ణగిరి అందులోనిదే. హోసూరు ప్రాంతము 1799లో టిప్పు మరణానంతరము చేరినది. కొత్త సీమలో శిస్తు నిర్ణయించుటకు గవర్నరు జనరలు కార్న్‌వాలిస్ సివిలు ఉద్యోగులను కాదని అలెగ్జాండరు రీడ్ అను సైనికోద్యోగిని నియమించెను. అతనికి సహాయకులుగా వచ్చినవారిలో థామస్ మన్రో ఒకడు. ఈ నియామకమునకు ముఖ్యకారణము, ఆనాటి మద్రాసు సివిలు ఉద్యోగులలో దేశభాషలు తెలిసినవారు అరుదుగా నుండుట. ప్రజల స్థితిని కొలువవలెనన్నచో ప్రజల మాట తెలియవలెనను సత్యమును పన్ను వసూలు చేయువారే మొదట గుర్తించిరి.

రీడ్, మన్రోలు పొలము పొలమును కొలిపించి, రైతుతో నేరుగా లెక్క చూచుకొను పద్ధతిని ఇచ్చట పెంపొందించిరి. రైత్వారీ విధానమునకు పుట్టినిల్లు ఈ బారామహలే. దానినే మన్రో 1800 తరువాత దత్తమండలములలో విస్తరింపజేసెను. ఆ కొలత బెంథాము చెప్పిన ఏడింటిలో నిశ్చయతను రైతున కీయవలెనని ఆశించినది. ఈ యేడు ఎంత, వచ్చు నేడు ఎంత యని తెలిసినచో రైతు నెమ్మదిగా దున్నుకొనునని భావన. కాని శిస్తు హెచ్చుగా నున్నపుడు నిశ్చయతయే భారమగును. తన కొలత ప్రకారము వేసిన పన్ను రైతు మోయలేనిదని గ్రహించి మన్రో 1807లో దత్తమండలములకు 25 శాతము తగ్గింపును సూచించెను. పైవారు వెంటనే అంగీకరింపలేదు. కొలిచినవాడే తన కొలతను శంకించి తగ్గింపు కోరుట చరిత్రలో తఱచుగా జరుగు విషయము కాదు. రాయలసీమలో అతని పేరు ఆదరముతో నిలుచుటకు కొలతకంటె ఈ శంకయే కారణమనుట సమంజసము.

రెండవ కొలత ఈ మట్టిలో పుట్టినవాడే తెచ్చెను. చక్రవర్తి రాజగోపాలాచారి 1878లో హోసూరు చెంతనున్న తొరపల్లిలో జన్మించెను. 1937 జూలైలో మద్రాసు రాజధానికి ప్రధానమంత్రి యైన పిమ్మట, అదే సంవత్సరము అక్టోబరు 1న తన సొంత జిల్లాయైన సేలములో మద్యనిషేధము నమలుపరచెను. హోసూరు, కృష్ణగిరి తాలూకాలు అప్పుడు సేలము జిల్లాలోనివే. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకును, 1939లో ఉత్తర ఆర్కాటునకును అది విస్తరించినది. ప్రభుత్వమునకు పోయిన ఆబ్కారీ రాబడికి మారుగా 1939లో అమ్మకపు పన్ను విధింపబడినది. ఒక ప్రభుత్వము ప్రజలకు సుఖము నీయజూచుట గాక, దుఃఖకారణము నొకదానిని తొలగింపజూచుట ఇందలి విశేషము. ఇరుసులోని ఇసుకను తీయుట యన్నమాట.

ఈ ప్రయత్నమును తూచుటలో కొలబద్దల తగవు స్పష్టముగా బయటపడును. ఖజానా లెక్కలో అది నష్టము. తాగువాని సుఖము లెక్కించినచో అదియు నష్టమే. కల్లు గీయువానికి జీవనోపాధి పోవుట నిజమైన నష్టము. దానిని విస్మరించిన సంస్కర్తలు లేకపోలేదు. దొంగసారా కాపు ప్రతి నిషేధమునకును వెంటవచ్చు కీడు. కాని సాయంకాలము కూలిడబ్బు ఇంటికి చేరుట, ఆ రాత్రి ఇంటిలో అరుపులు లేకుండుట అనునవి ఏ లెక్కలో చేరవలెను? ఇవి తాగువాని సుఖము కావు. అతని భార్య నెమ్మది. సర్వేలో ఇంటికొకనినే ప్రశ్నింతురు. ఆ యింటిలో ఎవరిని ప్రశ్నించిరనుదానిపై జవాబు ఆధారపడినపుడు, దేశపు సగటు ఏ యింటి నిజమును చెప్పగలదు?

జాతీయాదాయపు లెక్కలకు కూడ ఇదే దోషము. ఆ లెక్కలను తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడైన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, దేశాదాయమునుబట్టి దేశపు మేలును నిర్ణయింపరాదని హెచ్చరించెను. అమ్ముడైన సీసా ఆదాయములో చేరును. నిదురపోయిన యిల్లు చేరదు. ఈ వైరుధ్యము కొత్తది కాదు. మైసూరులో శామశాస్త్రి పండితునకు 1905 ప్రాంతమున లభించి, 1909లో అచ్చైన కౌటిల్యుని యర్థశాస్త్రము ప్రజల సుఖములోనే రాజు సుఖమున్నదని చెప్పును. ఆ గ్రంథమే మద్యపు వ్యాపారమును నడుపుటకు సురాధ్యక్షుని నియమించును. ప్రజల సుఖమును కోరు రాజును, మద్యపు రాబడిని కోరు రాజును ఒకే సింహాసనమున కూర్చుండుట ఆనాటినుండియు నున్నది.

తరువాతి చరిత్ర ఆ వైరుధ్యమునకే సాక్ష్యము. యుద్ధకాలమున సడలిన నిషేధము 1948లో మద్రాసు రాష్ట్రమంతట అమలైనది. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మట 1954 నవంబరులో ప్రకాశము ప్రభుత్వము ఈ సమస్యపైననే పడిపోయినది. తమిళనాడు 1971లో నిషేధము నెత్తివేయ నిశ్చయించినపుడు తొంబది దాటిన రాజాజీ నాటి ముఖ్యమంత్రి కరుణానిధిని కలిసి వలదని కోరెను, ఫలితము లేకపోయినది. 2003 నుండి ఆ రాష్ట్రమున చిల్లర మద్యపు అమ్మకము ప్రభుత్వ సంస్థదే. ఆంధ్రప్రదేశమున 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. వయోజన విద్యాకార్యక్రమపు వాచకములో నున్న సీతమ్మ కథ వారిని కదిలించినదని ఆ యుద్యమ చరిత్ర చెప్పును. 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ నిషేధమును వచ్చినవి. 1997లో రెండవది సడలినది. సేలములో పైనుండి వచ్చినది దూబగుంటలో క్రిందినుండి వచ్చినది. రెండవదానికి మొదటలేని బలము ఎక్కడిదన్నచో, కష్టపడువారు తమ కష్టమును తమ భాషలో చదివి, దానికి తామే పేరు పెట్టుకొనుటనుండి వచ్చినది. ఏ కొలబద్దయు అంతకుముందు ఆ కష్టమును పట్టి చూపలేదు.

మూడవ కొలత జీతము. 1970 దశకమున హోసూరులో సిప్కాట్ పారిశ్రామిక కేంద్రము వెలసినది. 1980లో అశోక్ లేలండ్ కర్మాగారమును, ఆ దశకముననే టైటాన్ గడియారముల కర్మాగారమును వచ్చినవి. రాగి చేలున్న చోట లారీలును గడియారములును తయారైనవి. పచ్చయిండ్లలో గులాబీలు పూచి విదేశములకు పోవుచున్నవి. ఈ మార్పువలన కలిగిన మేలును చిన్నచూపు చూచుట తగదు. కరవుకు వలసపోవు అవసరము తగ్గుట, బిడ్డ చదువునకు పైకముండుట నిచ్చెనపై నిజమైన మెట్లు. అయితే 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్ చూపిన చిక్కు ఇచ్చట కూడ విచారింపదగినది. ఒక దేశమున ఒకే కాలమున సంపన్నులు పేదలకంటె సంతోషముగా నున్నామని చెప్పుదురు. కాని దేశమంతయు సంపన్నమైన కొలది సగటు సంతోషము ఆ మేరకు పెరుగలేదు. ప్రక్కవాడును ఎక్కుచుండగా తన మెట్టు తనకు క్రిందిదిగనే తోచుట దీనికొక కారణమని ఆయన వివరించెను. ఈ సిద్ధాంతముపై నేటికిని వాదములు కలవు. వాద మెట్లున్నను, జీతము పెరిగిన యింట నెమ్మది పెరిగినదా యను ప్రశ్న జీతపు చీటీ చూచి తేల్చదగినది కాదనుట నిర్వివాదము.

ఈ కొరతలన్నిటికిని భూటాను దేశము పరిష్కారము కనుగొన్నదని ప్రసిద్ధి. స్థూల జాతీయానందమను మాటను ఆ దేశపు రాజు జిగ్మే సింగ్యే వాంగ్చుక్ 1970 దశకమున వ్యాప్తికి తెచ్చెను. 2008 నాటి వారి రాజ్యాంగమున ఆ యాశయమునకు స్థానము లభించినది. భూటాను ప్రతిపాదనపైననే ఐక్యరాజ్యసమితి 2011లో సంతోషమును అభివృద్ధికి లక్ష్యముగా గుర్తించుచు తీర్మానించినది. మార్చి 20 అంతర్జాతీయ సంతోషదినమైనది. మధ్యప్రదేశ ప్రభుత్వము 2016లో ఆనందవిభాగమును స్థాపించుటయు, 2018 ఏప్రిలులో అమరావతిలో ఆనందనగరముల సదస్సు జరుగుటయు ఈ గాలి సోకుటచేతనే. భూటాను సూచికలో తొమ్మిది రంగములు, 33 సూచనలు కలవు. జీవనస్థాయి, ఆరోగ్యము, విద్యలతోపాటు కాలవినియోగము, ఇరుగుపొరుగు బంధము, సంస్కృతి కూడ అందు చేరినవి. ప్రతి సూచనకును 'చాలు' అను గీత యొకటి గీయుదురు. ఆ గీత దాటిన పిమ్మట ఎంత హెచ్చినను లెక్కకు రాదు. తెలుగువాడు విస్తరిముందు పలుకు 'చాలు' అను మాటకు శాస్త్రస్థానము నిచ్చిన గణన యిది. నిచ్చెనకంటె ఇది మేలైనదనుటలో సందేహము లేదు.

అయినను ఆ దేశచరిత్రలో మఱియొక పుట కలదు. 1980 దశకాంతమున భూటాను ప్రభుత్వము ఒకే జాతి, ఒకే ఆచారమను విధానమును కఠినముగా అమలుపరచినది. దక్షిణభాగమున నివసించు నేపాలీ భాషీయుల పాఠశాలలనుండి నేపాలీ బోధన తొలగింపబడినది. పౌరసత్వపు లెక్కలు బిగింపబడినవి. 1990 తరువాత ఇంచుమించు లక్షమంది దేశము విడిచి తూర్పు నేపాలులోని శిబిరములకు చేరిరి. 2007 తరువాత వారిలో అధికసంఖ్యాకులు అమెరికా మున్నగు దేశములకు తరలిపోయిరి. సూచికలో మాతృభాష మాటాడుట సంస్కృతిరంగమున నొక గుణముగా లెక్కింపబడును. కాని దేశము విడిచిన వారిని ఆ సూచిక అడుగలేదు. అడుగుటకు వారు అచ్చట లేరు. ఎంత సూక్ష్మమైన కొలబద్దయైనను తన యెదుట నిలువనిచ్చినవారినే కొలుచును. సంతోషపు లెక్కలలో మొదట విచారింపవలసిన ప్రశ్న ఇదియే: ఎవరు లెక్కకు వెలుపల నున్నారు?

అల్పసంఖ్యాక భాషీయులకు ఈ ప్రశ్న పుస్తకములోని ప్రశ్న కాదు. మత్తిగిరి, హోసూరు ప్రాంతముల తెలుగువారి స్థితి భూటాను నేపాలీలదానితో పోల్చదగినది కాదు. ఇచ్చట ఎవరును ఎవరిని వెడలగొట్టలేదు, తెలుగు బడులు నేటికిని కలవు, న్యాయస్థానముల తలుపులు తెరచియున్నవి. అయితే బడి విషయమున ఒక వేదన కలదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతినుండి ఏటికొక తరగతి చొప్పున తమిళమును తప్పనిసరి భాషగా చేసినది. ఆ వరుస 2015-16లో పదవ తరగతికి చేరినది. మాతృభాషలో మొదటి భాషాపరీక్ష వ్రాయుటకు అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు కోరిన మినహాయింపు న్యాయస్థానములకు పోయి, 2023లో సర్వోన్నత న్యాయస్థానమువఱకు చేరినది. అప్పటి కొక సంవత్సరపు మినహాయింపు లభించినది. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము రాష్ట్రములను కోరుచున్నది.

తాను నివసించు రాష్ట్రపు భాష నేర్చుట బిడ్డకు మేలే. దానివలన ఉద్యోగమును, ఇరుగుపొరుగు స్నేహమును కలుగును. ఈ సీమ తెలుగువారు తరతరములుగా మూడు భాషలు మాటాడుచునే యున్నారు. కాబట్టి తగవు తమిళముతో కాదు. ఇంటిలో అమ్మ పలుకు మాటకు బడిలో చోటున్నదా, ఈ యేటి మినహాయింపు వచ్చు నేటికి నిలుచునా యను అనిశ్చయముతోనే తగవు. బిడ్డకు పరీక్షలో మంచి మార్కులు వచ్చినచో నిచ్చెన మెట్టు పెరుగవచ్చును. ఆ యింటికి నెమ్మది కలుగుట వేరు విషయము. ఏ సంతోష నివేదికయు దీనినిగూర్చి ఆ తల్లిని అడుగలేదు. అడిగినను ఏ భాషలో అడుగుదురనుట మరల మొదటి ప్రశ్నయే.

ఇంతవఱకు చేసిన విమర్శ వలన కొలతలు వ్యర్థములను నిర్ణయమునకు రాకూడదు. కొలువని కష్టమును ప్రభుత్వములు లేని కష్టముగా చూచుట లోకానుభవము. కొలతయే లేనిచో బలవంతుని మాటయే కొలతయగును. కావలసినది మానివేయుట కాదు, విడదీయుట. ఒంటికి చెందిన సుఖము, మనస్సునకు చెందిన సంతోషము, రేపటికి చెందిన నెమ్మది అను మూడింటిని మూడు ప్రశ్నలుగా అడిగి, మూడు లెక్కలుగా ఉంచవలెను. కూడి ఒక్క అంకె చేయరాదు. ఇంటి యజమానునితోపాటు ఇల్లాలిని కూడ అడుగవలెను. అడుగబడువాడు ఇంట మాటాడు భాషలోనే అడుగవలెను. 'చాలు' అను గీతకు క్రింద నెందరున్నారో చెప్పవలెను. ఏ దేశము ఏ దేశముకంటె ముందున్నదను పందెము వలన ఎవరికిని ప్రయోజనము లేదు.

ప్రభుత్వము చేయదగిన పని కూడ దీనినిబట్టి తేలుచున్నది. ఆనందమును పంచిపెట్టుట దాని శక్తిలో లేదు. ఆ పేరుతో విభాగములు స్థాపించినను, సదస్సులు జరిపినను ఆనందము ఆజ్ఞకు వచ్చునది కాదు. ఇరుసులోని ఇసుకను తీయుట మాత్రము దాని శక్తిలోని పనియే. మన్రో శిస్తు తగ్గింపు కోరుట, రాజాజీ సారాయంగడి మూయించుట, దూబగుంట స్త్రీల ఉద్యమమునకు తలయొగ్గి ప్రభుత్వము చట్టము చేయుట ఈ జాతికి చెందినవి. వానిలో కొన్ని విఫలమైనవి, కొన్ని సగములో నిలిచినవి. అయినను వానిని చేసినవారు, చేయించినవారు సరియైన చోటనే చేయి పెట్టిరి. మిగిలిన సంతోషమును ప్రజలు తమంతట తామే కూర్చుకొనగలరు. సామెత సగము బలమును సంతోషమునకు వ్రాసినది. తక్కిన సగమునకు అడ్డుపడువానిని తొలగించుట సంఘమునకు విధి. మత్తిగిరి సీమవారు ఒకరి నొకరు బాగుండారా యని యడుగుకొనునపుడు వినగోరు జవాబును ఏనాటికైన ఒక నివేదిక వినవలెనన్నచో, దాని కర్తలు ముందుగా ఆ ప్రశ్నను ఆ మాటలతో అడుగ నేర్చుకొనవలసి యుండును.